పూజ పెట్టెలో గడ్డం మనిషి నాణెం

మా పుట్టింట్లో పూజ సామాను దాచుకునే ఇత్తడి పెట్టె ఒకటి ఉంది. గంట, హారతి పళ్లెం, కుంకుమ భరిణెల అడుగున ఎర్ర గుడ్డలో చుట్టిన ఒక వెండి నాణెం ఉంటుంది. ఏటా వరలక్ష్మీ వ్రతం నాడు దాన్ని తీసి, చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి కలశం దగ్గర ఉంచుతారు. నూరేళ్లుగా తోమి తోమి అక్షరాలన్నీ అరిగిపోయాయి. ఒకవైపు గడ్డం ఉన్న మనిషి ముఖం మాత్రం ఇంకా తెలుస్తుంది. చిన్నప్పుడు మేం దాన్ని ‘రంగం డబ్బు’ అనేవాళ్లం.

రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం వైపు పాతకాలం వాళ్లకు సముద్రం అవతల ఉన్న ఊరు అదొక్కటే. మా ముత్తాతకు ఒక అన్న ఉండేవాడని, కరువు రోజుల్లో ఓడెక్కి రంగం పోయాడని, అక్కడి నుంచి ఎవరి చేతో ఈ నాణెం పంపాడని, ఆ తరవాత అజాపజా లేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. కథ ఇంతే. ఆయన పేరు సింహాచలం దేవుడి పేరే, అప్పన్న.

2017లో నాన్న పోయారు. కర్మ దగ్గర పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగితే పెదనాన్న చెప్పారు. ఆ పైన ఎవరని నేను అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపారు. ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీసుకుని, ఆయనకు గుర్తున్నవన్నీ రాసుకున్నాను. ఓడెక్కిన అన్న దగ్గరకు వచ్చేసరికి గీత ఆగిపోయింది. దాన్ని ఎలాగైనా ముందుకు గీయాలనిపించింది.

రంగం అనుకున్నాను కాబట్టి బర్మాతోనే మొదలుపెట్టాను. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు ఉన్న చోటు. అక్కడ ఒక పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడారు. బర్మావాళ్లు మన తెలుగువాళ్లని ‘కోరంగీ’ అనేవారట, కోరింగ రేవు పేరు మీద. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక వాళ్ల మేనమామ కుటుంబం కొండల్లో నడిచి అస్సాం చేరిందనీ, బయల్దేరిన తొమ్మిది మందిలో ఆరుగురే మిగిలారనీ చెప్పారు. నేను వచ్చిన పని విని ఆవిడ అన్న మాట మాత్రం నన్ను ఆపేసింది. “రంగం పోడానికి ఎవరు పేర్లు రాసుకున్నారమ్మా? మేస్త్రీ వెనకాల పోయి డెక్కు మీద కూచోడమే కదా.”

ఆవిడ చెప్పింది నిజం. బర్మా వెళ్లిన కూలీల్లో ఎక్కువమంది మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లు. మనిషి మనిషికీ తండ్రి పేరు, ఊరు పేరు రాసిన రిజిస్టర్లు వాళ్లకు లేవు. ఒక ఏడాది పోయింది. అది వృథా అయిందని మాత్రం అనను. ఆవిడ చెప్పినవన్నీ రాసి ఉంచాను.

దారి చూపింది ఆ నాణెమే. విశాఖలో పాత నాణేల ప్రదర్శన పెడితే, పెదనాన్నను బతిమాలి దాన్ని తీసుకెళ్లాను. ఒకాయన భూతద్దంతో అటూ ఇటూ తిప్పి, “ఇది బర్మాది కాదండీ. ఈ గడ్డమాయన పాల్ క్రూగర్. ట్రాన్స్‌వాల్ ప్రెసిడెంటు. రెండున్నర షిల్లింగుల నాణెం, 1890ల నాటిది” అన్నారు. ట్రాన్స్‌వాల్ అంటే దక్షిణాఫ్రికాలో బోయర్ల రాజ్యం. బోయర్లంటే అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి తెల్లవాళ్లు. దాని పక్కనే ఇంగ్లీషువాళ్ల నేటాల్. నిల్చున్న చోటే పెదనాన్నకు ఫోన్ చేశాను. “అదేటమ్మా, గాంధీగారున్న చోటా?” అన్నారాయన.

నేటాల్ గురించి మన పిల్లలకు స్కూల్లో చెప్పేది గాంధీగారి రైలు కథ వరకే. ఆయన అక్కడ దిగడానికి ముప్పై ఏళ్ల ముందు నుంచే మనవాళ్లు అక్కడ చెరకు నరుకుతున్నారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు నుంచే. ఒప్పందం అయిదేళ్లు. మగవాళ్లకు మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు చొప్పున పెరిగి అయిదో ఏడు పద్నాలుగు. ఆడవాళ్లకు అందులో సగం.

ఈ ఒప్పందం మనుషుల్ని ఎంత పీడించిందో తెలిసినకొద్దీ బాధ వేస్తుంది. కానీ తెల్లదొరలకు ఎవరి కూలీ ఎవరో లెక్క కావాలి కాబట్టి ప్రతి మనిషినీ రాసుకున్నారు. ఓడ దిగిన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. దాన్ని ‘కొలోనియల్ నంబరు’ అంటారు. ఆ వరసలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, పని చేయించుకునే యజమాని. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, మనిషి పోయినా మళ్లీ ఆ నంబరే రాస్తారు. ఈ రిజిస్టర్లు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని అక్కడి యూనివర్సిటీవాళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. క్వాజులు-నేటాల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ అని వెతికితే ఎవరికైనా దొరుకుతుంది.

నేను ఆశగా తెరిచాను. ముందు గమనించింది, అందులో ఇంటిపేరు అనే గడి లేదు.

మనకు ఇంటిపేరు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. సంబంధం చూడాలన్నా, భూమి కాగితం చూడాలన్నా అదే మొదటి మాట. మద్రాసు డిపోలో రాసుకున్న గుమస్తాకు దాంతో పని లేదు. అలా ఓడెక్కిన రోజునే మన ఇంటిపేర్లన్నీ రేవులో ఉండిపోయాయి. తరవాత తరాలకు కులం పేరో, తాత పేరో ఇంటిపేరైంది. ఈ రోజు డర్బన్‌లో ఒక తెలుగు కుటుంబం తమ ఊరిని వెతకాలంటే, మన రికార్డుల్లో తాళంచెవి లాంటి ఆ ఒక్క మాటే వాళ్ల దగ్గర లేదు. మనం వాళ్లను వెతుకుదామంటే మన దగ్గర ఉన్న ఆ మాట అక్కడ ఏ కాగితంలోనూ లేదు.

ఇక మిగిలింది పేరు. ఉత్తరాంధ్రలో ఆ పేరు లేని వీధి ఉండదు. విశాఖపట్నం జిల్లా అని పెట్టి వెతికితే అప్పన్నలు, అప్పడులు, అప్పలస్వాములు వందల కొద్దీ వచ్చారు. ఇంగ్లీషులో ఒకే పేరును ఆరేడు రకాలుగా రాశారు. మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని ఒక్కొక్క వరసా చూశాను. చివరికి ఒకతను దొరికాడు. వయసు సరిపోయింది, ఊరు పేరు చివర మా ఊరిలాగే ‘వలస’ అని ఉంది. తండ్రి పేరు సరిగా కలవలేదు. రాసినవాడు తప్పు విన్నాడేమో అనుకున్నాను. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను.

మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. పోయినవాళ్ల పేరున కొత్త బట్టలు పెట్టి, వండినవి పెట్టి దండం పెట్టుకుంటాం. 2020 సంక్రాంతికి నేను ఆ కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్లాను. పెదనాన్న కళ్లనీళ్లు పెట్టుకుని, ఓడెక్కిన పెద్దాయన పేరున ఆ ఏడు ప్రత్యేకంగా పంచెల చాపు పెట్టారు. పండగ వెళ్లిన నెలకు పాత ట్రంకు పెట్టెలో 1923 నాటి భూమి దస్తావేజు ఒకటి దొరికింది. అందులో మా ముత్తాతను ఫలానా వారి కుమారుడు అని రాశారు. నాన్న కర్మలో ఎవరికీ గుర్తు రాని ఆ నాలుగో పేరు అదే. నేను తెచ్చిన కాగితంలో ఉన్న తండ్రి పేరుకూ దానికీ పొంతన లేదు. ఎవరో వేరే ఇంటి బిడ్డను మా వాడనుకున్నాను. ఆ విషయం పెదనాన్నకు చెప్పడానికి వారం పట్టింది. ఆయన ఒక్క మాటా అనలేదు. “ఆయనకీ ఎవరూ పెట్టి ఉండరులే తల్లీ, మనం పెట్టాం” అన్నారు.

ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. పేరు, వయసు కలిస్తే చాలదు. తండ్రి పేరు, తాలూకా, ఊరు మూడూ కలవాలి, అవి మన వైపు కాగితంతోనూ కలవాలి. మన ఇళ్లలో పాత దస్తావేజులు, ఏ భూమి ఎవరిదో రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకళ్లు, టీచర్ల సర్వీసు రిజిస్టర్లు ఉంటాయి. ముందు అవి చదవాలి. నేను చివర చేశాను.

రెండో తప్పు పట్టుకున్నది మా అబ్బాయి. వాడు పదో తరగతి పరీక్షలకు ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు పాఠం చదువుతూ, “అమ్మా, శ్రీకాకుళం అప్పట్లో విశాఖ జిల్లాలో లేదు కదా?” అన్నాడు. నేను నిజంగా నిర్ఘాంతపోయాను. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలోది. ఇంగ్లీషువాళ్లు రాసేది ‘చికాకోల్’ అని. శ్రీకాకుళం జిల్లా వచ్చిందే 1950లో. నేను ఇన్నాళ్లూ వేరే జిల్లాలో మా ఊరిని వెతుకుతున్నాను.

గంజాం, చికాకోల్ అని పెట్టేసరికి వెతకాల్సినవి బాగా తగ్గిపోయాయి. నాలుగో రోజు రాత్రి కనబడ్డాడు. 1902, మద్రాసు నుంచి ‘ఉమ్లాజి’ ఓడ. పేరు సరే, తండ్రి పేరు దస్తావేజులో ఉన్నదే. ఊరు పేరును అరవ గుమస్తా తన నోటికి వచ్చినట్టు రాశాడు, పైకి చదివితే మాత్రం మా ఊరే. వయసు 24. ఎడమ కాలి పిక్క మీద మచ్చ. ఆ మచ్చ దగ్గర నా చూపు ఆగిపోయింది. ఫోటో లేని మనిషికి అంతకంటే దగ్గర గుర్తు ఏముంటుంది?

పెదనాన్నకు ఫోన్ చేద్దామనుకుంటూ కింది వరస చూశాను.

తరవాతి నంబరు ఒక ఆడమనిషిది. వయసు 20. అదే తండ్రి పేరు, అదే ఊరు. బంధుత్వం దగ్గర ‘చెల్లెలు’ అని ఉంది.

మా ఇంట్లో ఇన్ని తరాల్లో ఎవరూ ఆమె ఉందని చెప్పలేదు. ఓడెక్కిన అన్న కథ నూరేళ్లు నిలిచింది. అదే ఓడలో అతని పక్కన కూర్చున్న చెల్లెలు కథలోంచే పోయింది. పెళ్లయిందా, వితంతువా, ఏ పరిస్థితుల్లో అన్న వెంట బయల్దేరిందో కాగితం చెప్పదు. నేను రాసుకున్న వంశవృక్షం తీసి చూశాను. పెదనాన్న చెప్పిన నాలుగు తరాల్లోనూ మగవాళ్ల పేర్లే ఉన్నాయి. రాసింది నేను, ఆ చెట్టు మీద నా పేరూ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కడి నుంచి ఇద్దరి నంబర్లూ పట్టుకుని ముందుకు వెళ్లాను. ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో నేటాల్ మరణాల రిజిస్టర్లు, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆస్తి ఫైళ్లు ఫొటోలుగా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. చేతిరాత అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో డబ్బు తీసుకుని వెతికిపెడతానన్న ఒకరికి కొంత ఇచ్చి పోగొట్టుకున్నాను, దాని గురించి ఎక్కువ చెప్పదలచుకోలేదు.

అన్నగారి వరస తొందరగానే ముగిసింది. ఓడ దిగిన మూడో ఏడు, 1905లో, ఉత్తర తీరంలో చెరకు తోటల దగ్గర జ్వరంతో పోయాడు. 27 ఏళ్లు. పెళ్లి కాలేదు.

చెల్లెలు ఉంది. 1907లో ఆమె ఒప్పందం తీరింది. అప్పటికి నేటాల్‌లో ఒప్పందం అయిపోయినవాళ్లు మళ్లీ కూలికి కుదరకుండా, ఇండియాకు తిరిగిపోకుండా ఉండిపోతే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. 1895లో చేసిన చట్టం అది. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు. అయిదో ఏడు ఆమెకు వచ్చిన కూలి నెలకు ఏడు షిల్లింగులు అనుకున్నా, ఎనిమిది నెలల జీతం దాటిపోతుంది. 1913లో వేలమంది కూలీలు పని ఆపేసి రోడ్ల మీదకు వచ్చింది ఈ పన్ను మీదే. మరుసటి ఏడు దాన్ని ఎత్తేశారు. పుస్తకాల్లో చదివినప్పుడు అది గాంధీగారి ఉద్యమం. ఇప్పుడు అది మా ఇంటి ఆడపిల్ల నెత్తి మీద ఉన్న అప్పులా అనిపించింది.

ఆమె పెళ్లి 1908లో రిజిస్టరైంది. భర్తది విశాఖ జిల్లా. ఇద్దరి నంబర్లూ పక్కపక్కన ఉన్నాయి. తరవాత కొడుకు, ఇంకో కొడుకు, ఒక కూతురు. పిల్లలకు తండ్రి తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. ఆమె 1951లో పోయినట్టు మరణ రిజిస్టరులో ఉంది. కబురు చెప్పింది పెద్దకొడుకు. ఆ ఇంటిపేరు పట్టుకుని డర్బన్ తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో రాశాను. అక్కడ తెలుగువాళ్ల ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది, భజనలు, పండగలు ఇంకా జరుపుకుంటారు. పదకొండు రోజులకు ఒకావిడ జవాబు రాశారు. రిటైరైన నర్సు, చాట్స్‌వర్త్‌లో ఉంటారు. జాతుల వారీగా ఊళ్లను విడగొట్టిన కాలంలో ఇండియన్లను తీసుకొచ్చి పెట్టిన పేట అది. ఓడెక్కిన చెల్లెలి పెద్దకొడుకు కూతురు ఈవిడ.

మొదటి వీడియో కాల్‌లో నేనేం మాట్లాడానో సరిగా గుర్తు లేదు. ఆవిడకు తెలుగు రాదు. కానీ ‘అవ్వ’, ‘తాత’, ‘పులుసు’ అన్నారు. ఒక భజన పాట పాడి వినిపించారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితం చూసి పాడుతున్నా, రాముడి పేరు దగ్గర గొంతు మన పల్లెటూరి గొంతే. పెదనాన్నను కూర్చోబెట్టి వరస అడిగితే నిమిషంలో లెక్క తేల్చేశారు. వాళ్ల నాన్నా, ఈవిడ నాన్నా మేనత్త మేనమామ బిడ్డలు. కాబట్టి పెదనాన్నకు మరదలు వరస, నాకు పిన్ని. అప్పటి నుంచి ఆవిడను పిన్నీ అనే పిలుస్తున్నాను. ఆ పిలుపు తనకు చాలా నచ్చిందని ఆవిడ మెసేజ్ పెట్టారు. డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించుకుని చూశాం, బంధుత్వం వచ్చింది. అయితే తరతరాల మేనరికాల వల్ల మన ఇళ్లలో ఆ లెక్క అసలు బంధుత్వం కన్నా దగ్గరగా చూపిస్తుంది. నేను నమ్మింది కాగితాన్నే.

నాణెం సంగతి పిన్నికి చెప్పాలని ఒకరోజు దాన్ని కెమెరా ముందు పెట్టాను. అన్నగారు పంపిన డబ్బు అని చెబుతుంటే, పక్కనే ఉన్న పెదనాన్న మధ్యలో ఆపారు. “ఎప్పుడు పోయాడన్నావు ఆయన?” 1905 అన్నాను. “మరి మా నాన్న ఆ డబ్బు తెచ్చినాయన్ని చూశాడు కదా. పలక పట్టుకుని బడికి పోయే రోజులని చెప్పేవాడు. ఆయన చేతిలోనే పెట్టారట.”

తాతయ్య ఎలిమెంటరీ స్కూలు టీచరు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన సంవత్సరం 1909. బడికి పోయే వయసంటే 1914, 15. పన్ను రద్దయ్యాక ఓడలెక్కి తిరిగొచ్చినవాళ్లలో ఎవరో ఆ నాణెం తెచ్చి ఉంటారు. అప్పటికి అన్న పోయి పదేళ్లు. అక్కడ మిగిలింది చెల్లెలు ఒక్కతే.

రెండున్నర షిల్లింగులు. కూలికి కుదిరిన మొదటి ఏడాది ఆమె జీతంలో సరిగ్గా పదిహేను రోజుల కష్టం.

పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. పిన్నికి ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ చేత్తో నోరు మూసుకున్నారు.

కిందటి సంక్రాంతికి నేను ఊరెళ్లేసరికి పెద్దల బట్టల దగ్గర చిన్న చర్చ నడుస్తోంది. ఆడపిల్లకు పెట్టాల్సింది ఇచ్చిన ఇంటివాళ్లు కదా, పుట్టింట్లో పెడతారా అని పెద్దమ్మ అడుగుతున్నారు. పెదనాన్న పంచె సవరించుకుంటూ, “మనం ఎవరికీ ఇవ్వలేదు కదే, తనే పోయింది” అన్నారు. పెద్దమ్మ ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్లి, తనకోసం కొనుక్కున్న ఆకుపచ్చ నేత చీర మడత విప్పకుండా తెచ్చి పంచెల చాపు పక్కన పెట్టారు. పెదనాన్న ఎర్ర గుడ్డ విప్పి నాణెం తీశారు. చీర మీద పెట్టి, బొట్టు పెట్టి, “మా నాన్న మేనత్త డబ్బు” అన్నారు. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను, డర్బన్‌లో పిన్నికి కనబడేలా.